ఐదు షేర్లు, రెండు సంతకాలు

కుర్చీ బాబాయి ఉద్యోగం కూర్చోవడం. ఇది వెటకారం కాదు. ఫ్యాక్టరీ హాజరు పట్టీలో అతని పేరుకి ఎదురుగా "కూర్చునే విభాగం" అనే రాసి ఉండేది. ఆ విభాగంలో ఉన్నది అతనొక్కడే. మడత కుర్చీలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. ఇనుప గొట్టాలు వంచేవాళ్ళు వంచుతారు, రివెట్లు కొట్టేవాళ్ళు కొడతారు, రంగు వేసేవాళ్ళు వేస్తారు, చివరికి ప్రతి కుర్చీ బాబాయి ముందుకి వస్తుంది. అతను ఒక్క విదిలింపుతో దాన్ని తెరుస్తాడు, కూర్చుంటాడు, వెనక్కి వాలతాడు, కాలు మీద కాలు వేస్తాడు, ఎవరో కేకేసినట్టు దిగ్గున లేస్తాడు, మళ్ళీ కూలబడతాడు. అంతసేపూ కళ్ళు మూసుకుని చెవి ఒగ్గి వింటాడు. కుర్చీ మూలిగితే పక్కన పడేస్తాడు. మూలగకపోతే దాని వీపున నీలం ముద్ర కొడతాడు. రోజుకి రెండువందల కుర్చీలు, ముప్ఫై రెండేళ్ళు. జీవితంలో అన్నిసార్లు కూర్చుని అంత తక్కువ విశ్రాంతి తీసుకున్న మనిషి మరొకడు ఉండడు.

ఈ జబ్బు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగలేదు. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు వాళ్ళు మర్యాదకి "కూర్చో బాబాయ్" అంటే, అతను కూర్చుని, వాలి, లేచి, మళ్ళీ కూలబడి, "దీనికి ఎడమ వెనక కాలు ఇంకో ఆర్నెల్లు" అనేవాడు. ఒకసారి పైకప్పు మరమ్మతు కోసం ఫ్యాక్టరీని పదిరోజులు మూసేశారు. మొదటిరోజు మధ్యాహ్నానికల్లా అతను సొంత ఇంట్లో ఉన్న ఆరు కుర్చీల్నీ పరీక్షించి ఆరింటినీ ఫెయిల్ చేశాడు. ఆ పదిరోజులూ ఇంటిల్లిపాదీ నిలబడే భోంచేశారు. పదకొండో రోజు అతన్ని పనికి పంపుతూ భార్య వీధి మలుపు దాకా వచ్చింది. పెళ్ళయిన కొత్తలో కూడా ఆవిడ గుమ్మం దాటి రాలేదు.

అయితే బంధువర్గంలో అతని పేరు మోగిపోవడానికి కారణం కుర్చీలు కాదు, పెళ్ళి కానుకలు.

అది అతను ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడు మొదలైంది. ఆ ఏడు కంపెనీ బోనస్ ఇవ్వలేకపోయింది. పెద్ద యజమాని పనివాళ్ళందర్నీ పిలిచి, డబ్బు లేదు గానీ వాటా ఉంది, తీసుకోండని తలా కొన్ని షేర్ల కాగితాలు చేతిలో పెట్టాడు. అందరూ తిట్టుకున్నారు. బాబాయి కూడా తిట్టుకున్నాడు. సరిగ్గా ఆ వారమే అతని అన్నయ్య పెద్దకొడుకు పెళ్ళి వచ్చిపడింది. జేబులో చూస్తే బస్సు ఛార్జీ తప్ప ఏమీ లేదు. ఇంకేం చేస్తాడు, ఒక ఐదు షేర్లు తీసుకుని కంపెనీ గుమాస్తా దగ్గరికి వెళ్ళి, పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురు పేరూ కలిపి రాయమన్నాడు.

"ఇద్దరి పేరా? అయితే ఒక ముక్క చెప్పు," అన్నాడు గుమాస్తా. అతను బాబాయి కన్నా రెండేళ్ళు పెద్ద. అయినా అందరితో పాటు తనూ బాబాయ్ అనే పిలుస్తాడు. "రేపు అమ్మాలన్నా, మీటింగులో ఓటెయ్యాలన్నా ఎవరో ఒకరు సంతకం పెడితే చాలా, ఇద్దరూ పెట్టాలా?"

అన్నయ్య కొడుకు చిన్నప్పుడు తండ్రి సైకిలు అమ్మేసి కెమెరా కొనుక్కున్న సంగతి బాబాయికి గుర్తొచ్చింది.

"ఇద్దరూ పెట్టాలి."

"తర్వాత నన్ననొద్దు మరి," అని గుమాస్తా ఎర్ర సిరాతో ఆ ముక్క రాశాడు.

పెళ్ళిలో అందరూ కవర్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. నగదు కవరులో ఒక గొప్ప సుగుణం ఉంది. మర్నాటికల్లా ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకరినొకరు హాయిగా మరిచిపోవచ్చు. బాబాయి కానుక ఆ మర్యాద పాటించే రకం కాదు. చుట్టచుట్టి రిబ్బను కట్టిన ఆ కాగితాన్ని పెళ్ళికూతురు తండ్రి అందుకుని, విప్పి, తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చదివాడు.

"దీన్ని ఎక్కడ మార్చుకోవాలండీ?"

"మార్చుకోకూడదండీ. ఉంచుకోవాలి."

"ఎన్నాళ్ళు?"

"కాపురం ఉన్నన్నాళ్ళు."

పెద్దాయన ఆ కాగితాన్ని పెళ్ళికొడుకు చేతిలో పెట్టాడు. పెళ్ళికొడుకు డిగ్రీ పట్టా అందుకున్నట్టు పట్టుకుని ఫొటో దిగాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. వేరే దారిలేక చేసిన పనికి చప్పట్లు పడితే మనిషి దాన్ని సిద్ధాంతం అనుకుంటాడు. బాబాయీ అలాగే అనుకున్నాడు. తోటి పనివాళ్ళు వదిలించుకోవాలని చూస్తున్న షేర్లన్నిటినీ చవగ్గా, నెలకి కొన్ని చొప్పున కొనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో బంధువుల్లో, ఇరుగుపొరుగులో, స్నేహితుల్లో ఏ పెళ్ళి జరిగినా ఐదు షేర్లు, రెండు సంతకాలు. ఊరందరికీ చెప్పి తను చెయ్యకపోతే బాగుండదని తన పేరూ భార్య పేరూ కలిపి కూడా ఐదు రాయించుకున్నాడు.

ప్రతి కానుకతో పాటు ఒక ఉత్తరం ఉండేది. మొదట కాస్త చిన్నగా ఉండేది గానీ, పదో పెళ్ళికల్లా దాని రూపం కుదిరింది, ముందు తొమ్మిది జంటలకీ కూడా అదే మళ్ళీ రాసి పంపాడు: "ఇది కాగితం కాదు, కుర్చీల ఫ్యాక్టరీలో మీ భాగం. దీనికి ఓటు ఉంది. ఓటు వేసేటప్పుడు లాభం చూడండి, మొహమాటం చూడకండి. అడిగేవాడు మీకు ఎంత కావలసినవాడైనా సరే, నేనైనా సరే." ఆ చివరి రెండు మాటలూ వాక్యం కాస్త గంభీరంగా ముగుస్తుందని చేర్చాడు. అంతకుమించి వాటి గురించి ఆలోచించలేదు.

కానుక పుచ్చుకున్నవాళ్ళ బాధలు వేరు. ఏడాదికోసారి డివిడెండు చెక్కు వచ్చేది. అది ఇద్దరి పేరా ఉంటుంది కాబట్టి ఇద్దరూ కలిసి బ్యాంకుకి వెళ్ళాలి. అన్నయ్య పెద్దకొడుకు అప్పటికి కళ్ళజోళ్ళ దుకాణం పెట్టుకున్నాడు. ఒకసారి ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

"బాబాయ్, వచ్చిన డబ్బు కన్నా బస్సు ఛార్జీ ఎక్కువైంది."

"అయితే నడిచి వెళ్ళండి."

"అంత దూరం ఇద్దరం నడిస్తే మధ్యలో కొట్టుకుంటాం."

"వెళ్ళేటప్పుడు కొట్టుకోండి. సంతకం పెట్టేటప్పుడు ఆపండి. తిరిగొచ్చేటప్పుడు మీ ఇష్టం."

ఇలా రోజులు గడుస్తుండగా పెద్ద యజమాని పోయాడు. ఆయన కూతురు కంపెనీ చేతికి తీసుకుంది. చురుకైన మనిషి, లెక్క తెలిసిన మనిషి, అబద్ధం చెప్పని మనిషి. అలాంటి మనిషితోనే ప్రమాదం. ఒకరోజు మధ్యాహ్నం గుమాస్తా ఒక నోటీసు పట్టుకుని కూర్చునే విభాగానికి వచ్చాడు. బాబాయి అప్పుడు నూట పదమూడో కుర్చీలో ఉన్నాడు.

"లేవకు బాబాయ్. కూర్చునే విను. వచ్చే ఆదివారం వాటాదారుల మీటింగు. నాలుగో అంశం చదువుతున్నా. కుర్చీలు పరీక్షించే యంత్రం కొనుట, కూర్చునే విభాగం మూసివేయుట."

బాబాయి లేవలేదు. కుర్చీ కూడా మూలగలేదు. ముద్ర కొట్టడం మాత్రం మరిచిపోయాడు.

"నన్నేం చేస్తారట?"

"ఇంటికి పంపిస్తారు. మర్యాదగానే పంపిస్తారులే, ఆవిడ అలాంటిది కాదు."

"ఇంటికా!" అన్నాడు బాబాయి, జైలుకా అన్నట్టు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళు ఉంది. ఆ రెండేళ్ళూ అయ్యాక ఏం చేయాలో ఆలోచించడానికి ఆ రెండేళ్ళూ పడతాయని అతని లెక్క. ఇంట్లో ఆరు కుర్చీలున్నాయి. ఆరు కుర్చీలు అతనికి మూడు నిమిషాల పని.

గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఇంకో ముక్క విను. విభాగం ఏదైనా మూసెయ్యాలంటే ముప్పాతిక వాటా ఒప్పుకోవాలని పెద్దాయన రాసిపెట్టి పోయాడు. ఈవిడ చేతిలో ఉన్నది సగం. మిగతా సగం ఎవరిదో పొద్దున్న రిజిస్టరు తీసి చూశాను. అరవై నాలుగు జంటలు. బాబాయ్, ఆ సగమంతా నీ పెళ్ళిళ్ళే!"

"అంటే?"

"అంటే ముప్ఫై రెండు జంటలు ఔనంటే యంత్రం వస్తుంది. అనకపోతే రాదు. నువ్వు ఒక్క మాట చెప్పావంటే అయిపోయింది."

ఆ ఒక్క మాట చెప్పడమే బాబాయికి రాలేదు. ఆ సాయంత్రం మరదలి ఇంటికి వెళ్ళాడు. మరదలు అంటే భార్యకి చెల్లెలు. ఆవిడా ఆవిడ మొగుడూ మాట్లాడుకోవడం మానేసి నాలుగేళ్ళయింది. గొడవ దేని గురించో ఇద్దరికీ గుర్తులేదు గానీ ఎవరు మొదలుపెట్టారన్నది మాత్రం ఇద్దరికీ స్పష్టంగా గుర్తుంది.

"ఆదివారం మీటింగు ఉంది, ఇద్దరూ రండి," అన్నాడు బాబాయి.

"బావా, నేను వస్తానని ఆ పేపరు చదివే పెద్దమనిషికి చెప్పు," అంది మరదలు.

తోడల్లుడు పేపరు దించలేదు. "అన్నయ్యా, ఎన్నింటికి బయల్దేరాలో ఆ గోడని అడిగి చెప్పు."

"తొమ్మిదింటికి," అంది గోడ.

బాబాయి వచ్చిన పని చెప్పబోయి ఆగాడు. నా ఉద్యోగం పోతుంది, కాస్త చూడండి అనడం ఎలా? ముప్ఫై ఏళ్ళుగా మొహమాటం చూడొద్దని రాసిచ్చిన చెయ్యి ఇదే. "టీ, బిస్కెట్లు ఉంటాయి," అని చెప్పి వచ్చేశాడు. నాలుగు ఇళ్ళు తిరిగి నాలుగు చోట్లా టీ బిస్కెట్ల గురించే చెప్పాడు. కళ్ళజోళ్ళ అబ్బాయి అయితే, "బాబాయ్, బిస్కెట్ల కోసం ఆదివారం దుకాణం మూసుకోమంటావా?" అని నవ్వేశాడు కూడా.

అతని భార్యకి అలాంటి పట్టింపులేవీ లేవు. అతను అలా బయటికి వెళ్ళగానే ఆవిడ ఫోన్ ముందేసుకుని కూర్చుని పెళ్ళిళ్ళ పుస్తకం తీసి వరసగా మొదలుపెట్టింది.

"మీ బాబాయి ఇంటికొచ్చేస్తున్నారు. అవును, మొత్తానికే. ఇంట్లో ఎన్నాళ్ళుంటారు? రెండ్రోజులు. మూడోరోజు మీ ఇంటికొస్తారు. మీ సోఫా చూస్తారు. మంచం చూస్తారు. మీ డైనింగ్ టేబుల్ దగ్గరవి మొన్ననే కొన్నారు కదూ? సరే, మీ ఇష్టం. ఆదివారం పదింటికి."

ఆదివారం తొమ్మిదిన్నరకల్లా ఫ్యాక్టరీ గేటు దగ్గర జనం. ఏటా మీటింగుకి తొమ్మిదిమంది వస్తారు కాబట్టి సూపర్‌వైజరు ప్యాకింగ్ షెడ్డులో ఇరవై కుర్చీలు వేయించాడు. నూట ఇరవై ఆరుమంది వచ్చారు. ముద్ర పడిన సరుకంతా ముందురోజు సాయంత్రమే ఒక పెళ్ళి హాలుకి లారీ ఎక్కి వెళ్ళిపోయింది. కుర్చీల ఫ్యాక్టరీలో వాటాదారులు కూర్చోవడానికి ఆ ఇరవై తప్ప కుర్చీల్లేవు. మూలన మాత్రం కొత్త రివెట్లు కొట్టిన నూట నలభై కుర్చీలు, ఇంకా పరీక్ష కానివి, గుట్టగా పడున్నాయి.

"బాబాయ్, ఆ గుట్టలోవి వేయించండి," అంది యజమానురాలు.

"ముద్ర పడలేదమ్మా."

"ఈ ఒక్క గంటకి ఫరవాలేదు."

"ముద్ర లేని కుర్చీ మీద యజమానుల్ని కూర్చోబెడతామా?" అన్నాడు బాబాయి. నిజంగానే అడిగాడు. అందులో ఎత్తిపొడుపు లేదు.

ఆవిడ నూట ఇరవై ఆరుమంది యజమానుల వైపు చూసింది. వాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. "సరే, కానివ్వండి," అంది.

బాబాయి చొక్కా చేతులు మడిచి గుట్ట దగ్గరికి వెళ్ళాడు. తెరిచాడు, కూర్చున్నాడు, వాలాడు, లేచాడు, కూలబడ్డాడు. మూలిగింది. పక్కన పడేశాడు. రెండోదీ మూలిగింది. మూడోది నిలిచింది. ముద్ర. బంధువులు చుట్టూ చేరి చూస్తున్నారు. వాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా జోకులు వేసుకున్న ఉద్యోగాన్ని కళ్ళారా చూడటం అదే మొదటిసారి. ఆ సమయంలో ఎవడికైనా బుద్ధుంటే చేతికొచ్చినదానికల్లా ముద్ర కొట్టి అందర్నీ సుఖంగా కూర్చోబెట్టి ఓట్లు దండుకునేవాడు. కొత్త రివెట్లు బాబాయికి నచ్చలేదు. మూడింట రెండు అవతల పడేస్తున్నాడు.

తోడల్లుడికి మోకాళ్ళ నొప్పులు. అతను వచ్చి బతిమాలాడు. "అన్నయ్యా, ఆ పారేసినదాంట్లో ఒకటివ్వు. పడితే నేను పడతాను, నీకేం?"

"నువ్వు లేస్తావు, మళ్ళీ నడుస్తావు. కుర్చీకి పోయిన పేరు రాదు."

గంటన్నర అయ్యేసరికి గుట్ట అయిపోయింది. సుమారు సగంమంది కూర్చున్నారు, సగంమంది నిలబడ్డారు. దొరికింది దొరికినట్టు లాక్కున్నారు కాబట్టి చాలా జంటల్లో ఒకరు కూర్చునీ ఒకరు నిలబడీ ఉన్నారు. నిలబడ్డవాళ్ళు కూర్చున్నవాళ్ళని ఒక రకంగా చూడటం మొదలైంది.

యజమానురాలు మాట్లాడింది. యంత్రం ధర ఎంతో చెప్పింది, పద్నాలుగు నెలల్లో ఎలా తిరిగొస్తుందో చెప్పింది, ఆ తర్వాత డివిడెండు ఇంచుమించు రెట్టింపు అవుతుందని చెప్పింది. బాబాయి పనిలో లోపం ఏమీ లేదనీ, అతను రోజుకి రెండువందలు చూస్తే యంత్రం రెండువేలు చూస్తుందనీ, అంతే తేడా అనీ చెప్పింది. తర్వాత యంత్రం తెచ్చిన ఇంజనీరు పైన కప్పిన గుడ్డ తీశాడు. ఇనుప చెయ్యి, దానికి వేలాడే ఇసుక బస్తా. బాబాయి పారేసిన కుర్చీల్లోంచే ఒకటి తెచ్చి కింద పెట్టాడు. బస్తా ధడ్‌మని పడింది, లేచింది, పడింది. పన్నెండుసార్లు. పచ్చదీపం వెలిగింది. కళ్ళజోళ్ళ అబ్బాయి గబుక్కున వెళ్ళి ఆ కుర్చీ తీసుకుని కూర్చున్నాడు.

షెడ్డంతా దాని కాళ్ళ వైపే చూసింది. బాబాయి కూడా చూశాడు. ఇలాంటి చోట ఆ కుర్చీ విరగాలి. అది విరగలేదు. మీటింగు అయ్యేదాకా విరగలేదు, ఇప్పుడు ఆ దుకాణంలో కళ్ళు పరీక్ష చేయించుకునేవాళ్ళంతా దానిమీదే కూర్చుంటున్నారు, ఇంకా విరగలేదు.

"వాటాదారులు ఎవరైనా మాట్లాడతారా?" అంది యజమానురాలు.

కళ్ళజోళ్ళ అబ్బాయి ఆ కుర్చీలోంచే చెయ్యెత్తాడు. జేబులోంచి పాతబడి మడతల దగ్గర చిరిగిన కాగితం తీశాడు. "ఇది మా పెళ్ళి కానుకకి బాబాయి రాసింది. మాకే కాదు, మీ అందరి దగ్గరా ఉంది. నేను చదువుతా, ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు చెయ్యండి." గొంతు సవరించుకుని మొత్తం చదివాడు. "నేనైనా సరే" దగ్గర కాస్త ఆగాడు. "బాబాయ్, నీ కళ్ళముందు పెరిగిన పిల్లాణ్ణి. నువ్వు చెప్పిన మాట కాదనలేను. అందుకే నీకు వ్యతిరేకంగా ఓటేస్తున్నా."

"సిగ్గులేదట్రా!" అని వెనకనించి ఎవరో అరిచారు.

"ఉంది పెద్దమ్మా. ఆ ఉత్తరంలో సిగ్గు పడమని రాయలేదు."

బాబాయికి ఒళ్ళు మండింది. లేచి ఏదో అందామనుకున్నాడు. కానీ ఎవర్ని అనాలి? రాసింది తను. ప్రతి మాటా సరైనదే. ఇప్పుడు విన్నా సరైనదిగానే ఉంది. అదే అసలు చిక్కు.

గుమాస్తా జంటకో చీటీ పంచాడు. ఔను అనో కాదు అనో రాసి కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. చెరొకటి అంటే చీటీ చెల్లదు. ఆ మాట అతని నోట్లోంచి వచ్చిందో లేదో షెడ్డులో సంసారాలన్నీ బయటపడ్డాయి.

"పాపం పెద్దాయన, కాదు అని రాయండి."

"పాపమా? గంటన్నర నుంచి నా కాళ్ళు చూస్తున్నావా నువ్వు? కుర్చీలో కూర్చుని ఎన్నైనా చెబుతావు."

"మీకు కుర్చీ ఇవ్వలేదని ఆయన ఉద్యోగం తీసేస్తారా?"

"ఇంకెందుకు తీస్తారు మరి? ఆయన ఉద్యోగమే అది కదా!"

మరదలూ తోడల్లుడూ నాలుగేళ్ళ తర్వాత ఎదురెదురుగా మాట్లాడుకున్నారు. ఆవిడ "నువ్వెప్పుడూ ఇంతే" అంది, ఆయన "నువ్వే ఎప్పుడూ ఇంతే" అన్నాడు, చీటీ రెండు ముక్కలైంది. ఎక్కడా పేచీ లేకుండా ఓటు వేసిన జంట ఒక్కటే. విడాకులు తీసుకుని ఏడేళ్ళయిన బాబాయి మేనకోడలూ ఆమె మాజీ మొగుడూ. వాళ్ళిద్దరికీ ఒకే అభిప్రాయం. ఎవరు ముందు సంతకం పెట్టాలన్నదే సమస్య. గుమాస్తా రెండు పెన్నులిచ్చి ఒకటి, రెండు, మూడు అన్నాడు. ఇద్దరూ ఒకేసారి పెట్టేసి చెరో గేటూ పట్టుకుని వెళ్ళిపోయారు.

లెక్క తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని చదివాడు. కాదు, పద్నాలుగు. చెల్లనివి, పద్దెనిమిది. ఔను, ముప్ఫై ఒకటి.

"ఇంకొక్కటి కావాలి," అంది యజమానురాలు. "అందరూ వేశారా?"

"ఒక చీటీ రాలేదండీ." గుమాస్తా తలెత్తకుండానే అన్నాడు. "బాబాయిది."

నూట ఇరవై నాలుగుమంది తలలు తిరిగాయి. బాబాయి గోడ పక్కన చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన భార్య. అతనికి కుర్చీ గురించి ఆలోచించడానికి ఇంతకాలం ఎంత సమయం దొరికిందో, దాన్ని కొనుక్కునేవాడి గురించి, అమ్ముకునేవాడి గురించి ఆలోచించడానికి అంతే దొరికింది. పద్నాలుగు నెలలు అన్న మాట అతని తలలోంచి పోవడం లేదు. మనసులో గుణించి చూశాడు, భాగించి చూశాడు. ఆవిడ చెప్పింది నిజమే. ఆ యంత్రం కుర్చీ మూలుగు వినలేదు, అదీ నిజమే. కానీ మూలిగే కుర్చీ మీద జనం సుఖంగా కూర్చుంటున్నారు, అది మరీ నిజం.

కాదు అని రాస్తే ఉద్యోగం ఉంటుంది. అరవై మూడు జంటల ఎదుట, ముప్ఫై ఏళ్ళు రాసిన ఉత్తరాన్ని తన చేత్తోనే చింపుకున్నట్టు కూడా ఉంటుంది. బాబాయి చీటీని గోడకి ఆనించి, ఔను అని రాసి, సంతకం పెట్టి, భార్య వైపు చాపాడు.

ఆవిడ చదివింది. "ఇదేమిటి?"

"లాభం అటుంది."

"ఎవరికి లాభం?"

"కంపెనీకి."

"మీరు ఇంట్లో ఉంటే నాకు లాభమా?"

"అది వేరే అంశం. ఇది నాలుగో అంశం."

"నాకు అంశాలు తెలియవు. పదిరోజులుంటేనే మేం నిలబడి తిన్నాం. నేను ఈ వయసులో రెండేళ్ళు నిలబడలేను. కొట్టేసి కాదు అని రాయండి, పెడతాను."

"నేను రాయను."

"అయితే నేను పెట్టను."

"నలుగురిలో పరువు తియ్యకు. పెట్టు."

"నలుగురు కాదు, నూట ఇరవైమంది ఉన్నారు. అందరికీ ఫోన్ చేసి పిలిచింది నేను." ఆవిడ పెన్ను మూత పెట్టేసి అతని జేబులో గుచ్చింది.

యజమానురాలు దగ్గరికి వచ్చింది. "బాబాయ్, మీరు ఔనన్నారు కదా. నాకు అది చాలా పెద్ద మాట. అమ్మా, మీరు కాస్త ఆలోచించండి. నెలనెలా ఇంటికి కొంత డబ్బు పంపే ఏర్పాటు చేస్తాం."

"డబ్బుతో పాటు ఆయన్నీ పంపిస్తారు కదమ్మా," అంది ఆవిడ, ఎంతో మర్యాదగా. "ఒక పని చెయ్యండి. డబ్బు వద్దు, మనిషి మీ దగ్గరే ఉండనివ్వండి."

యజమానురాలు, చెల్లని చీటీల వాళ్ళు మళ్ళీ వేస్తారా అన్నట్టు వెనక్కి చూసింది. ఆ పద్దెనిమిది జంటలూ అప్పటికే ఆవరణలోకి చేరుకుని పద్దెనిమిది రకాలుగా పోట్లాడుకుంటున్నాయి. గుమాస్తా చీటీ తీసుకుని, ఒకే సంతకం ఉందని చూసి, ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీశాడు. ఎవరిమీదా జాలి లేకుండా ప్రకటించాడు: "నాలుగో అంశం వీగిపోయింది. మళ్ళీ వచ్చే ఏడు పెట్టుకోవచ్చు. టీ చల్లారిపోతోంది."

కొందరు వచ్చి బాబాయి చెయ్యి ఊపారు. కళ్ళజోళ్ళ అబ్బాయి కూడా వచ్చి, "గెలిచావు బాబాయ్," అన్నాడు. బాబాయి అతన్ని కొరకొరా చూశాడు. తనని ఎవరూ గెలిపించలేదు. తను తనకి వ్యతిరేకంగా ఓటేస్తే, పెళ్ళాం సంతకం పెట్టకపోతే, ఉద్యోగం మిగిలింది. దీన్ని ఏమంటారో అతనికి తెలియలేదు.

మొగుడూ పెళ్ళామూ బస్టాపు దాకా నడిచారు. బస్సు ఆలస్యమైంది. అక్కడ ఒక సిమెంటు బల్ల ఉంది. ఇద్దరూ దాని రెండు చివర్లా కూర్చున్నారు. ఎండ నెత్తిమీదికి వచ్చింది.

"వచ్చే ఏడు మళ్ళీ పెడతారట కదా?" అంది ఆవిడ, బస్సు రావలసిన వైపు చూస్తూ.

"పెడతారు."

"అప్పుడూ మీరు ఔనేనా?"

బాబాయి నిజాయితీగా ఆలోచించాడు. "లెక్క మారకపోతే ఔనే."

"సరే," అంది ఆవిడ, కొంగు నెత్తిమీదికి లాక్కుంటూ. "నేను కాదు."

"తప్పకుండా రావాలి మరి. ఇద్దరూ లేకపోతే చీటీ ఇవ్వరు."

"ఎందుకు రాను? తొమ్మిదింటికే తయారవుతా."

మలుపు దగ్గర బస్సు హారన్ వినిపించింది. ఇద్దరూ లేచారు.